ప్లాన్ సగమే ఉన్నా సరే: ఇంటి దోశపిండిని షాపులదాకా తీసుకెళ్లడం ఎలా

హైదరాబాద్‌లో నిజాంపేట, మియాపూర్ వైపు ఏ అపార్ట్‌మెంట్‌కి వెళ్లినా ఇలాంటివాళ్లు ఒకరో ఇద్దరో కనిపిస్తారు. సాయంత్రం కాగానే వాట్సాప్ గ్రూపులో "రేపటికి ఇడ్లీ పిండి, దోశపిండి ఎవరికి కావాలి" అని అడుగుతారు, రోజుకి పదో పదిహేనో కిలోలు అమ్ముతారు, తిన్నవాళ్లు బాగుందంటారు. చుట్టుపక్కల కిరాణా షాపులకి కూడా వేద్దామన్న ఆలోచన వస్తుంది. అక్కడి నుంచి ప్లాన్ మొదలవుతుంది. గ్రైండర్ ఎంతది కొనాలి, పేరేం పెట్టాలి, పౌచ్ ప్రింటింగ్ ఎక్కడ, చల్లగా ఎలా పంపాలి, మనిషిని పెట్టుకోవాలా, ఎండాకాలం పులిస్తే ఏం చేయాలి. ఒకదానికి సమాధానం దొరికేలోపు ఇంకో రెండు ప్రశ్నలు పుడతాయి. మీనమేషాలు లెక్కపెడుతూ ఉండగానే ఉగాది పోయి దసరా వచ్చేస్తుంది, పిండి మాత్రం ఇంకా ఆ గ్రూపు దాటదు.

ఇది అలాంటి వాళ్ల కోసమే. మీరు అమ్మేది పిండి కాకపోవచ్చు, జంతికలు, పొడులు, చపాతీలు ఏవైనా కావచ్చు, పద్ధతి దాదాపు ఒకటే. కానీ ఊరికే నాలుగు మంచి మాటలు చెప్పి వదిలేయడం నాకిష్టం లేదు కాబట్టి పిండినే పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చెప్తాను. ఒక్క మాట ముందే: ప్లాన్ లేకుండా దూకెయ్యమని నేను అనడం లేదు. ప్లాన్‌లో ఏ భాగం సగంలో ఉన్నా ఫర్వాలేదో, ఏ భాగం సగంలో ఉంటే కొంప మునుగుతుందో విడదీసి చూడమంటున్నాను.

ముందు ఒక లెక్క వేయండి, ఒక్కటే

పెద్ద ఎక్సెల్ షీట్లు వద్దు. ఒక కిలో పాకెట్‌కి ఎంత పడుతుంది, చేతికి ఎంత వస్తుంది, అంతే. ఉదాహరణకి ఈ అంకెలు అనుకుందాం, మీ దగ్గర రేట్లు వేరేగా ఉంటే మార్చుకోండి. కిలో మినపగుళ్లు 140, రెండు కిలోల ఇడ్లీ రవ్వ 90, మొత్తం 230 రూపాయలు. నానబెట్టి రుబ్బి కలిపాక ఏడు కిలోల పిండి వస్తుందనుకుంటే కిలోకి 33 రూపాయల దాకా. పౌచ్, కరెంటు కలిపి 4, బండి పెట్రోలు 3. మొత్తం 40. మీ కష్టం ఇందులో లెక్క కట్టలేదు, అది గుర్తుంచుకోండి, ఎందుకంటే ఇళ్లలో చేసేవాళ్లు అందరూ ముందు మర్చిపోయేది అదే.

ఎమ్మార్పీ 60 పెట్టారు, షాపువాళ్లకి 15 శాతం, అంటే 9 రూపాయలు పోతే మీ చేతికి 51. పాకెట్‌కి 11 మిగులుతుంది, బాగానే ఉంది కదా అనిపిస్తుంది. ఇప్పుడు రిటర్నులు కలపండి. పిండి పాడైపోయే సరుకు, అమ్ముడుపోనిది షాపువాళ్లు ఉంచుకోరు, వెనక్కి మీకే ఇస్తారు, డబ్బులివ్వరు. పది పాకెట్లు పెట్టడానికి మీ ఖర్చు 400. పదీ పోతే 510 వస్తుంది, 110 లాభం. ఒకటి వెనక్కొస్తే లాభం 59. రెండు వెనక్కొస్తే 8 రూపాయలు. మూడు వెనక్కొస్తే 43 చేతి నుంచి పోతుంది.

చూశారా, పదికి ఒకటా మూడా అన్నదాని మీదే వ్యాపారం మొత్తం నిలబడి ఉంది. ఆ అంకె ఏ నోటుబుక్కులోనూ దొరకదు. మీ ప్లాన్ ఎంత బాగా రాసినా, ఇంకో ఆరు నెలలు కూర్చుని దిద్దినా, యూట్యూబ్‌లో ఎంతమంది విజయగాథలు చూసినా తెలీదు, షాపులో పాకెట్లు పెట్టి మర్నాడు సాయంత్రం లెక్కపెడితేనే తెలుస్తుంది. నీళ్లలో దిగందే లోతు తెలియదని పెద్దవాళ్లు ఊరికే అనలేదు, కాకపోతే మోకాళ్ల లోతున్న చోట దిగాలి.

ప్లాన్‌ని మూడు ముక్కలు చేయండి

ఒక కాగితం తీసుకుని మీ బుర్రలో ఉన్న ప్రశ్నలన్నీ రాయండి. రాశాక ఒక్కోదాని పక్కన ఒక గుర్తు పెట్టండి.

మొదటి రకం, తప్పు చేస్తే ఎవరికో ఒంట్లో బాగోకుండా పోయేవి, లేదా నోటీసు వచ్చేవి. నీళ్లు, శుభ్రత, రిజిస్ట్రేషన్, లేబుల్. వీటిని పూర్తిచేయకుండా ఒక్క పాకెట్ కూడా బయటికి పంపకూడదు, ఇందులో సర్దుబాటు లేదు.

రెండో రకం, డబ్బు పెడితే తిరిగి రానివి. షాపు అడ్వాన్సు, పెద్ద గ్రైండర్, ప్రింటింగ్ పౌచ్‌లు, నెల జీతం మనిషి. ప్రింటింగ్ పౌచ్‌ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, మీ డిజైన్‌కి అచ్చు సిలిండర్లు చేయించి వేలల్లో ఆర్డర్ పెట్టమంటారు, పెట్టాక పిండి బరువు కిలో నుంచి ముప్పావుకి మార్చాలనిపించినా ఆ పౌచ్‌లు అయ్యేదాకా కదల్లేరు. ఈ రకం అన్నిటినీ వాయిదా వేయండి.

మూడో రకం, ఇవాళ ఒకలా చేసి రేపు మార్చుకోగలిగేవి. ధర, పాకెట్ సైజు, ఏ షాపు, ఏ టైముకి వేయాలి, ఇడ్లీపిండి ఎక్కువా దోశపిండి ఎక్కువా, పేరు కూడా. అవును, పేరు కూడా ఇందులోకే వస్తుంది, మొదట్లో స్టిక్కరే కాబట్టి. తమాషా ఏంటంటే మనవాళ్లు నెలల తరబడి తర్జనభర్జన పడేది సరిగ్గా ఈ మూడో రకం మీదే, పేరుకి జాతకం చూపించేవాళ్లు కూడా ఉన్నారు, మొదటి రకాన్ని మాత్రం "తర్వాత చూద్దాంలే" అంటారు. దాన్ని తిరగెయ్యండి.

సగంలో వదలకూడనివి

ఎఫ్ఎస్ఎస్ఎఐ, అంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ, దాని రిజిస్ట్రేషన్ లేకుండా తినేది ఏదీ అమ్మకూడదు, ఇంట్లో చేసినా అంతే. ఆ సంస్థదే ఫోస్‌కోస్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో మీరే చేసుకోవచ్చు, చిన్న వ్యాపారాల రిజిస్ట్రేషన్‌కి చాలాకాలంగా ఏడాదికి 100 రూపాయల లెక్కన ఫీజు ఉంటూ వచ్చింది, మధ్యలో ఏజెంటుకి వేలు పోయనక్కర్లేదు. టర్నోవర్ పరిమితులు, ఫీజులు అప్పుడప్పుడూ మారుతుంటాయి కాబట్టి అప్లై చేసే రోజు పోర్టల్‌లో ఉన్నదే నమ్మండి. వచ్చే నంబర్ 14 అంకెలు, అది పాకెట్ మీద ఉండాలి.

లేబుల్ మీద ఇంకా ఏముండాలంటే సరుకు పేరు, దేనితో చేశారు, నికర బరువు, ఎమ్మార్పీ, తయారుచేసిన తేదీ, ఎప్పటిలోపు వాడాలి, మీ పేరూ చిరునామా, ఫిర్యాదుకి ఫోన్ నంబర్, శాకాహారం అని ఆకుపచ్చ గుర్తు. మామూలు స్టిక్కర్ మీద ఇవన్నీ పడతాయి, రంగులూ బొమ్మలూ అక్కర్లేదు. తేదీ మాత్రం రోజూ కొత్తది పడాలి. నిన్నటి పాకెట్ మీద ఇవాళ్టి తేదీ అతికించే ఆలోచన ఎవరైనా ఇస్తే వాళ్ల మాట వినకండి, షాపాయన మొదటిసారే కనిపెట్టేస్తాడు.

జీఎస్టీ గురించి అందరూ భయపడతారు. సరుకు అమ్మేవాళ్లకి రిజిస్ట్రేషన్ తప్పనిసరయ్యే టర్నోవర్ ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. 2019లో పరిమితి పెంచినప్పుడు తెలంగాణ పాత 20 లక్షల దగ్గరే ఉండిపోయింది, ఈ తేడా తెలియక హైదరాబాద్‌లో కూర్చుని 40 లక్షల లెక్క వేసుకునేవాళ్లున్నారు. ఇంకోటి, పక్క రాష్ట్రానికి సరుకు అమ్మితే మామూలుగా ఈ పరిమితులు వర్తించవు, మొదటి అమ్మకానికే రిజిస్ట్రేషన్ కావాలి. కోదాడలో ఉండి జగ్గయ్యపేటకి వేద్దామనుకునేవాళ్లు ఇది చూసుకోవాలి. అన్నట్టు తడి పిండి మీద మొదట 18 శాతం పన్ను ఉండేది, 2017 సెప్టెంబర్‌లో హైదరాబాద్‌లోనే జరిగిన జీఎస్టీ కౌన్సిల్ సమావేశంలో 12 చేశారు, ఆ నవంబర్‌లో 5 అయింది. రోజుకి ఇరవై పాకెట్ల దగ్గర మీకు ఇదేం టెన్షన్ కాదు, కానీ అమ్మకాలు మొదటి రోజు నుంచి రాసిపెట్టుకోండి.

మునిగినా తట్టుకునే మొత్తం ఎంతో ముందే రాయండి

నాలుగు షాపులు, షాపుకి అయిదు పాకెట్లు, రోజుకి ఇరవై. రోజు ఖర్చు 800. మరీ దారుణంగా సగం వెనక్కొచ్చాయనుకుందాం, పది పాకెట్లకి 510 వస్తాయి, రోజుకి 290 నష్టం. మూడు వారాలకి ఆరు వేల చిల్లర. అంటే ఈ ప్రయోగం మొత్తం ఘోరంగా పోయినా పోయేది ఒక మామూలు ఫోన్ ఖరీదు కన్నా తక్కువ. అదే గ్రైండర్, పౌచ్‌లు, షాపు అడ్వాన్సు అన్నీ ముందే పెట్టుకుని దిగితే ఎంత పోతుందో మీరే లెక్కేసుకోండి.

ఇప్పుడు ఆ కాగితం మీదే మూడు వాక్యాలు రాయండి. మూడో వారంలో పదికి ఒకటి లోపు వెనక్కొస్తే ఇంకో నాలుగు షాపులు కలుపుతాను. పదికి రెండు దాకా వస్తే షాపులు పెంచను, కారణం వెతుకుతాను. అంతకన్నా ఎక్కువైతే, లేదా మొత్తం నష్టం ఏడు వేలు దాటితే ఆపేస్తాను. రాసి ఫ్రిజ్ మీద అతికించండి, ఇంట్లో ఇంకొకరికి చూపించండి. ముందే ఎందుకు రాయాలంటే, డబ్బు పోతున్నప్పుడు మన బుర్ర మన మాట వినదు, "ఇంకో వారం చూద్దాం, శ్రావణమాసం కదా, పండగ తర్వాత పుంజుకుంటుంది" అని కథలు చెప్తుంది. ఎదురుగా కాగితం ఉంటే ఆ కథలు తగ్గుతాయి.

షాపులు ఎంచుకోవడం

ఇది కాస్త వివరంగా చెప్తాను, ఇక్కడే అసలు పని ఉంది.

పెద్ద షాపు, బాగా నడిచే షాపు అని కాదు, పొద్దున్నే పాల పాకెట్లు అమ్మే షాపు చూడండి. పాల కోసం వచ్చినవాళ్లే పిండీ కొంటారు. తర్వాత ఫ్రిజ్ చూడండి. మామూలుగా అద్దం తలుపు ఫ్రిజ్ ఉంటుంది, పై అరల్లో కూల్‌డ్రింకులు, కింద పెరుగు. కొన్ని షాపుల్లో రాత్రి షట్టర్ వేసేటప్పుడు కరెంటు ఆదా అని ఫ్రిజ్ స్విచ్ కూడా ఆపేస్తారు. కూల్‌డ్రింకుకి ఏమీ కాదు, మీ పిండి మాత్రం తెల్లారేసరికి బెలూన్‌లా ఉబ్బుతుంది. దీన్ని ఏ ప్లాన్‌లోనూ ఊహించలేరు. కనిపెట్టడం తేలికే: పొద్దున్న షట్టర్ తీసిన పది నిమిషాల్లో వెళ్లి పెరుగు పాకెట్ ఒకటి కొనండి, చేతికి చల్లగా తగలకపోతే ఆ షాపు వదిలేయండి.

మాట్లాడటానికి మధ్యాహ్నం రెండు మూడు గంటల మధ్య వెళ్లండి, గిరాకీ పల్చగా ఉంటుంది. సాయంత్రం ఏడింటికి వెళ్లి కౌంటర్ ముందు నిలబడితే ఎంత మంచివాడైనా విసుక్కుంటాడు. వెళ్లేటప్పుడు ఉత్త చేతులతో వెళ్లొద్దు, రెండు పాకెట్లు తీసుకెళ్లి ఇంట్లో వాడి చూడమనండి. సంభాషణ దాదాపు ఇలా నడుస్తుంది:

"అన్నా, ఇడ్లీపిండి ఇంట్లోనే రుబ్బుతున్నం, అయిదు పాకెట్లు పెడత, పోకుంటే నేనే తీస్కపోత."

"పోయిన నెల ఇంకొకాయన గిట్లనే పెట్టిండు అక్కా, నాలుగొద్దులు ఇచ్చి బంద్ జేసిండు. నువ్వు రోజు ఇస్తవా?"

గమనించండి, ఆయన ధర అడగలేదు, మార్జిన్ అడగలేదు, రోజూ ఇస్తావా అని అడిగాడు. చాలామంది షాపువాళ్లకి అదే అసలు భయం, ఎందుకంటే పిండి కోసం వచ్చిన మనిషికి రెండు రోజులు లేదని చెప్తే ఆ మనిషి పాలు కూడా పక్క షాపులో కొనడం మొదలుపెడతాడు. కాబట్టి మీరు పదిహేను షాపులకి ఒప్పుకుని మధ్యమధ్య ఎగ్గొట్టే కన్నా నాలుగు షాపులకి ఆదివారం కూడా వేయడం మేలు. ఆదివారమే పిండికి అసలు గిరాకీ, ఆ రోజు సెలవు తీసుకుంటే ఈ వ్యాపారంలో ఉండలేరు.

ఉద్దర విషయం మొదటి రోజే తేల్చుకోండి. కొత్త సరుకు కదా అని "నెలాఖరుకి ఇస్తా" అంటారు. ఇవాళ వేసిన వాటికి రేపు వేసేటప్పుడు డబ్బు, రిటర్ను పోగా మిగిలింది ఫోన్‌పేలో, అది మీ పద్ధతి అని చెప్పండి. మొహమాటపడి మొదటి వారం వదిలేస్తే తర్వాత అడగడం ఇంకా కష్టం. ఒప్పుకోని షాపు ఉంటే నమస్కారం పెట్టి వచ్చేయండి, ఈ దశలో ఏ షాపూ అంత ముఖ్యం కాదు.

మొదటి వారం ఒక్కటే చూడండి: వెనక్కొచ్చిన పాకెట్

అమ్ముడుపోయిన పాకెట్ మీకేమీ చెప్పదు. వెనక్కొచ్చింది చెప్తుంది. ఇంటికి తెచ్చి పారేయకుండా ముందు చేత్తో పట్టుకుని చూడండి. ఉబ్బిందా? అయితే చల్లదనం సమస్య, షాపుదో, మీరు రుబ్బాక చల్లబరచకుండా ప్యాక్ చేసిందో. ఉబ్బలేదు, తేదీ కూడా ఉంది, అయినా పోలేదా? అయితే పిండి బాగానే ఉంది, ఆ షాపులో అంత గిరాకీ లేదు, లేదా అర కింద కనిపించని చోట పెట్టారు. పైన నీళ్లు తేలి కింద ముద్దగా ఉందా? రవ్వ సరిగా పిండకుండా కలిపారు. మూల దగ్గర తడిగా ఉందా? సీలింగ్ సరిగా పడలేదు, పిండి మరక అంటిన చోట వేడి పట్టదు, నోరు తుడిచి సీల్ చేయాలి.

పులుపు గురించి కొంచెం. పిండి పొంగడానికి కారణం అందులో సహజంగా ఉండే లాక్టిక్ బ్యాక్టీరియా, అవి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి, అదే ఇడ్లీకి మెత్తదనం ఇస్తుంది, అదే మీ పౌచ్‌ని పేలుస్తుంది కూడా. చలికాలం రాత్రంతా పట్టే పొంగు మే నెల ఎండల్లో నాలుగైదు గంటల్లో వచ్చేస్తుంది. అందుకని పులియబెట్టి అమ్మకండి, రుబ్బిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా ఉన్నదే ప్యాక్ చేసి, "వాడే ముందు కొన్ని గంటలు బయట ఉంచండి" అని స్టిక్కర్ మీద రాయండి. ఎండాకాలం రుబ్బేటప్పుడు ఐసు నీళ్లు పోయండి, ఎందుకంటే రాయి తిరిగి తిరిగి పిండి అక్కడే వేడెక్కుతుంది. పౌచ్ నిండా కూరకుండా పైన రెండు వేళ్ల ఖాళీ వదలండి.

మార్పులు చేసేటప్పుడు ఒక రోజుకి ఒకటే. నీళ్లూ మార్చి, మినపగుళ్ల కొట్టూ మార్చి, పౌచ్ కూడా మార్చేస్తే దేనివల్ల బాగుపడిందో దేనివల్ల పాడైందో మీకు ఎప్పటికీ తెలియదు. ఒక పాత డైరీలో రోజుకి ఒక లైను చాలు: ఎన్ని గంటలు నానబెట్టాను, ఎంతసేపు రుబ్బాను, ఏ షాపుకి ఎన్ని, ఎన్ని వెనక్కొచ్చాయి, ఎలా ఉన్నాయి. ఈ డైరీ తర్వాత మనిషిని పెట్టుకున్నప్పుడు బంగారం, "కాస్త చూసుకుని నీళ్లు పొయ్యి" అని చెప్పే బదులు కొలత చెప్పగలుగుతారు.

దారిలో దొరికిన సమస్యని దారిలోనే సర్దుకోవడం కొత్తేమీ కాదు. 1959 మార్చిలో ముంబై గిర్‌గావ్‌లో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయలు అప్పు తెచ్చి అప్పడాలు మొదలుపెట్టారు, అదే తర్వాత లిజ్జత్ అయింది. మొదటి ఏడాది వానలకి అప్పడాలు ఎండక నాలుగు నెలలు పని ఆపేయాల్సి వచ్చింది. ముంబైలో వానాకాలం వస్తుందని వాళ్లకి తెలియదా? తెలుసు, అయినా దానికి జవాబు దొరికేదాకా ఆగలేదు. మరుసటి ఏడు ఒక మంచం, ఒక స్టవ్ కొని, మంచం మీద అప్పడాలు పరిచి కింద స్టవ్ వెలిగించారు. మొదట్లో రెండు రకాల నాణ్యతతో చేసి తక్కువ రకం చవగ్గా అమ్మేవాళ్లు, పెద్దాయన ఒకరు వద్దని చెప్తే మానేసి ఒకే రకానికి వచ్చారు. పిండిలోనే ఉదాహరణ కావాలంటే ఐడీ ఫ్రెష్ ఉంది, 2005లో బెంగళూరులో పీసీ ముస్తఫా, ఆయన కజిన్స్ ఓ చిన్న గదిలో రుబ్బి చుట్టుపక్కల కిరాణా షాపులకి వేయడంతోనే మొదలైంది.

మెషీన్ ఎప్పుడు కొనాలి

మీ ఇంట్లో ఉన్న రెండు లీటర్ల టేబుల్‌టాప్ గ్రైండర్‌తో రోజుకి ఇరవై పాకెట్లు తీయడం తిప్పలే, ఒక వాయి అయ్యాక ఇంకో వాయి, మధ్యలో మోటారు వేడెక్కుతుంది. అయినా ఆ మూడు వారాలూ అలాగే లాగండి. లేదంటే దగ్గర్లో టిఫిన్ సెంటర్ ఉంటే వాళ్ల గ్రైండర్ ఖాళీగా ఉండే టైము కనుక్కుని, కిలోకి ఇంత అని ఇచ్చి రుబ్బించుకోండి, కాకపోతే అక్కడి శుభ్రత మీ కళ్లతో చూసుకోవాలి, అక్కడ తయారుచేస్తున్నారంటే రిజిస్ట్రేషన్ కూడా ఆ చోటుకి సరిపోవాలి.

రోజూ వాయిలు సరిపోక షాపుకి "ఇవాళ మూడే ఉన్నాయి" అని చెప్పాల్సిన రోజులు వరసగా వస్తుంటే, అదీ రిటర్నులు పదికి ఒకటి లోపు ఉంటేనే, పది లీటర్ల టిల్టింగ్ గ్రైండర్ (పాత్ర వంచి పిండి తీసేది) చూడండి. కోయంబత్తూరు వాళ్లవి దీనికి పేరు, ఆ ఊరి వెట్ గ్రైండర్‌కి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. సెకండ్ హ్యాండ్‌ది దొరికితే రాయి అరిగిందో లేదో పిండి రుబ్బించి చూడండి, ఖాళీగా తిప్పి చూపిస్తే నమ్మొద్దు. ఇంటి మీటర్ మీద పెద్ద మోటారు నడపొచ్చో లేదో, కేటగిరీ మార్చాలో కరెంటు ఆఫీసులో ముందే అడగండి, తర్వాత వచ్చే బిల్లు చూసి బాధపడటం కన్నా అదే నయం.

అప్పు కావాలంటే 2015 నుంచి ఉన్న ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50,000 దాకా తాకట్టు లేకుండా అడగొచ్చు. చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, అది చేసి పెట్టుకోండి. బ్యాంకుకి వెళ్లేటప్పుడు ఆ పాత డైరీ, ఫోన్‌పే స్టేట్‌మెంట్ తీసుకెళ్లండి. అందమైన ప్రాజెక్ట్ రిపోర్ట్ కన్నా రోజూ ఇన్ని పాకెట్లు పోతున్నాయి, డబ్బు ఖాతాలో పడుతోంది అని చూపించే కాగితం మేనేజర్‌కి ఎక్కువ ధైర్యం ఇస్తుంది. వ్యాపారం మొదలుపెట్టక ముందు అప్పు తెచ్చుకోవద్దని నా గట్టి అభిప్రాయం. ఈఎంఐ పిండి పులిసిందా లేదా చూడదు.

నాలుగు షాపుల నుంచి ఎనిమిదికి

కొత్త ఏరియాకి ఎగరకండి. ఇప్పుడున్న నాలుగు షాపుల దారిలోనే మధ్యలో ఉన్నవి కలపండి, అదే పెట్రోలు, అదే అరగంట. ఇంకో వైపు నుంచి ఎవరో ఫోన్ చేసి పాతిక పాకెట్లు కావాలంటారు, ఆశగా ఉంటుంది, కానీ దాని కోసం పొద్దున్న ఇంకో గంట కావాలి, ఆ గంటలో పాత షాపులకి ఆలస్యమవుతుంది. వద్దనడం నేర్చుకోండి, లేదా వాళ్లనే వచ్చి తీసుకెళ్లమనండి.

ఈ దశలో ధరతో ఆడుకోవచ్చు. రెండు షాపుల్లో అరకిలో పాకెట్ పెట్టి చూడండి, ఒక్కరే ఉండే బ్యాచిలర్లు, ఇద్దరే ఉండే పెద్దవాళ్లు కిలో కొనరు. ఒకే షాపులో రెండు ధరలు, పక్కపక్క షాపుల్లో రెండు ధరలు మాత్రం పెట్టకండి, ఆ సంగతి సాయంత్రానికల్లా కాలనీ అంతా తెలుస్తుంది. వెబ్‌సైట్, లోగో, ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఇవన్నీ ఇప్పుడు చేయాలనిపిస్తే ఆదివారం మధ్యాహ్నం సరదాగా చేసుకోండి, దాని కోసం ఒక్క రోజు కూడా సరుకు ఆపొద్దు.

పాత అపార్ట్‌మెంట్ వాళ్లని మర్చిపోవద్దు. వాళ్లకి షాపు మార్జిన్ లేదు, రిటర్ను లేదు, పాకెట్‌కి మిగిలేది ఎక్కువ. షాపుల హడావిడిలో పడి పక్క ఫ్లాట్ ఆంటీకి "ఇవాళ లేదండీ" అని చెప్పేవాళ్లని చూశాను, ఆమే కదా ఇన్నాళ్లూ నలుగురికీ చెప్పింది.

మూడు వారాల తర్వాత అంకెలు వద్దంటే

రిటర్నులు తగ్గలేదు, కాగితం మీద రాసుకున్న ఏడు వేలు దగ్గరపడింది. ఆపేయండి, కానీ పిండిని కాదు, షాపులని. అదే పిండి వేరే దారిలో పోతుందేమో చూడండి. హాస్టళ్లు, చిన్న టిఫిన్ బండ్లు, ఆఫీసు క్యాంటీన్లు పది కిలోల లెక్కన తీసుకుంటాయి. ధర తక్కువే, కిలోకి 45 కూడా రావచ్చు, కానీ పౌచ్ లేదు, ఎంత కావాలో ముందు రాత్రే చెప్తారు కాబట్టి రిటర్ను లేదు. పైన వేసిన లెక్కలో పౌచ్ తీసేసి ఈ ధర పెట్టి చూడండి, పదికి రెండు వెనక్కొచ్చే షాపు కన్నా ఇదే ఎక్కువ మిగులుస్తుంది.

వాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు కూడా అదే పద్ధతి, ఒక హాస్టల్, ఒక వారం, డబ్బు వారం వారం. ఇడ్లీ ఎంత గట్టిగా కావాలో వాళ్ల వంటమనిషిని అడగండి, ఓనర్‌ని కాదు. ఇంకొకటి, పిండి వేసి పంపే స్టీలు డబ్బాలు మీవైతే వాటి మీద పేరు చెక్కించి, ఎన్ని వెళ్లాయో ఎన్ని తిరిగొచ్చాయో రోజూ రాయించుకోండి, హాస్టల్ వంటింట్లోకి వెళ్లిన డబ్బా దానంతటది బయటికి రాదు.